బుల్లెట్‌కి ఇల్లు వెతకడం: 132 రోజుల లెక్క

వేటకుక్కను ముచ్చటపడి కొని ఆపలేక ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకునేవాళ్లు, అలాంటి కుక్కను తీసుకుందామా అని ఆలోచించేవాళ్లు ఇది చదివితే నేను పెట్టిన దండగ ఖర్చయినా మీకు తప్పుతుంది. నేను మోటార్లు చుట్టే మెకానిక్‌ని, కందుకూరు దగ్గర పల్లెటూరు. కుక్కల ట్రైనర్‌ని కాదు. చేతిలో టేపు, కాటా, నోటుపుస్తకం ఉన్నాయి కాబట్టి కొలిచి రాసుకున్నాను, అంతే.

కుక్క ముధోల్ జాతి మగది, రెండేళ్లు. పేరు బుల్లెట్, నేను పెట్టింది కాదు. నెల్లూరులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే మా బావమరిది ఫోటోలు చూసి కొన్నాడు. సోఫా పోయింది, రెండు తలుపులు పోయాయి, కింది వీధిలో ఎవరిదో మేకపిల్ల పోయింది. "బావా, నీకు ఖాళీ బ్యారన్ ఉంది కదా, కొన్నాళ్లు పెట్టుకో" అన్నాడు. ఆ "కొన్నాళ్లు" ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగింది. మా పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కట్టడం) కాల్పు ఆపి ఆరేళ్లయింది, దాని ముందు ప్రహరీ ఉన్న దొడ్డి ఉంది. నా దగ్గరే ఉంచుకోవాలని ఏనాడూ అనుకోలేదు. మాకు కోళ్లున్నాయి, పక్కింటికి మేకలున్నాయి. కుదురు నేర్పి సరైన చోట అప్పజెప్పడం, పని అది.

మొదటి దశ: కొలతలు, కంచె (1 నుంచి 9వ రోజు)

బరువు: నేను ఒక్కడినే కాటా ఎక్కితే 72.6, వాణ్ణి ఎత్తుకుని ఎక్కితే 94.0. అంటే 21.4 కిలోలు. భుజం దగ్గర ఎత్తు 70 సెంటీమీటర్లు. పక్కటెముకలన్నీ లెక్కపెట్టొచ్చు. ఈ జాతి సన్నగానే ఉంటుంది, రెండు మూడు ఎముకలు కనబడితే తప్పులేదు, కానీ వీడికి వెన్ను మీద ముళ్లు కూడా తేలాయి.

మెడ చుట్టుకొలత 38, చెవుల వెనక తల చుట్టుకొలత 37. ఈ రెండు అంకెలు ముందే కొలిచి ఉంటే రెండో రోజు జరిగింది జరిగేది కాదు. మెడకన్నా తల సన్నం, అంటే మామూలు కాలర్ ఎంత బిగించినా వెనక్కి ఒక్క గుంజు గుంజితే తల బయటికొచ్చేస్తుంది. రెండో రోజు పొద్దున వచ్చేసింది. నా చేతిలో కాలర్, ఎదురుగా నాలుగున్నర అడుగుల గోడ. ముందుకాళ్లు గోడ మీద ఆనించి, వెనక్కాళ్లతో ఒక్క తోపు తోశాడు. రెండున్నర గంటల తర్వాత మూడు కిలోమీటర్ల అవతల జామాయిల్ తోటలో దొరికాడు, అదీ నేను పట్టుకున్నది కాదు, అలిసిపోయి వాడే నీడలో పడుకున్నాడు.

కంచె పని రెండుసార్లు చేశాను. మొదటిసారి గోడ మీద అడుగున్నర ముళ్లతీగ నిలువుగా పెట్టాను. 1,150 దండగ. ముళ్లతీగ కుక్కను ఆపదు, పొట్ట చీరుతుంది. వీడి పొట్ట మీద చర్మం కాగితం మందం కూడా ఉండదు. గీరుకోగానే పీకేశాను.

వాడు దూకేది ఎలాగో కూర్చుని చూస్తే సంగతి తెలిసింది: ఒక్క ఎగురులో దాటడు, గోడ పైఅంచు మీద కాలు పెట్టి అక్కణ్ణుంచి తోసుకుంటాడు. ఆ అంచు అందకుండా చేయాలి. అందుకని:

1. దొడ్డి 20 మీటర్లు, 14 మీటర్లు. ఒక 14 మీటర్ల వైపు బ్యారన్ గోడే. మిగిలింది 54 మీటర్లు.
2. మూడు మీటర్లకొకటి చొప్పున 19 యాంగిల్ ముక్కలు, రెండున్నర అడుగులవి, పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్నాను.
3. వాటిని గోడ మీద లోపలి వైపుకి 45 డిగ్రీలు వంచి సిమెంటుతో బిగించాను. నిలువుగా పెడితే ఎక్కుతాడు, లోపలికి వంచితే నెత్తి మీద కప్పులాగా అడ్డమొస్తుంది.
4. దాని మీద జల్లెడ కంచె.
5. రోడ్డు వైపు గేటుకి, గేటు పక్క కంచెకి ఆకుపచ్చ షేడ్ నెట్.

ఆ షేడ్ నెట్ సంగతి గట్టిగా చెప్తాను, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసింది అదే. ఇది వాసన పట్టి వెతికే కుక్క కాదు, కంటితో చూసి తరిమే కుక్క. దక్కన్ మైదానాల్లో కుందేలునీ జింకనీ దూరాన్నుంచి చూసి పరిగెత్తడానికి పెంచిన జాతి. కనబడకపోతే సగం గొడవ ఉండదు. నెట్ కట్టకముందు సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపల 41 సార్లు గేటు మీదకి దూకాడు, కట్టిన మర్నాడు 9.

ఖర్చు: యాంగిల్ 4,750, జల్లెడ 6,480, సిమెంటు, వెల్డింగు, కూలీ 2,300, నెట్ 1,260, దండగ ముళ్లతీగ 1,150.
ఇప్పటిదాకా మొత్తం: 15,940.

రెండో దశ: పరిగెత్తిస్తే తగ్గుతాడనే తప్పు (10 నుంచి 17వ రోజు)

అందరూ చెప్పేదీ నేను నమ్మిందీ ఒకటే. ఒంట్లో శక్తి ఎక్కువ, అలవగొడితే పడుకుంటాడు. ఎక్సెల్ బండి పక్కన తాడుతో పరిగెత్తించాను. కొలమానం ఏంటంటే, పాత ఫోన్ ఒకటి బ్యారన్ గోడకి తగిలించి రాత్రి 9 నుంచి 10 దాకా వీడియో తీసి, ఆ గంటలో వాడు ఎన్ని నిమిషాలు అటూ ఇటూ తిరిగాడో లెక్కపెట్టడం. మా ఆవిడ "సీరియల్ చూడమంటే చూడవు గానీ కుక్క నడక చూస్తావా" అంది. కానీ డైరీ మొత్తంలో నిజం చెప్పింది ఈ ఒక్క అంకే.

పరుగు లేనప్పుడు: గంటలో 38 నిమిషాలు తిరిగాడు.
రోజూ 6 కిలోమీటర్లు: 36.
9 కిలోమీటర్లు: 39.
12 కిలోమీటర్లు: 47.

ఎనిమిది రోజుల్లో నేను చేసిందేంటంటే ఒక క్రీడాకారుణ్ణి తయారుచేయడం. ఇంకో నెల అట్టాగే చేసి ఉంటే ఒంగోలు దాకా పరిగెత్తి వచ్చి మళ్లీ గేటు దూకేవాడు.

పైగా అరికాళ్లు. సాయంత్రం ఐదింటికి తారురోడ్డు మీద మోటార్లు చూసే టెంపరేచర్ గన్ పెడితే 52 డిగ్రీలు చూపించింది. పొద్దున ఆరింటికి అదే రోడ్డు 27. నేను చెప్పులేసుకుని బండి మీద కూర్చున్నాను కాబట్టి నాకు తెలియలేదు. నాలుగు కాళ్లలో మూడింటికి పొక్కులు. మీ దగ్గర గన్ లేకపోతే అరచేయి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టండి, ఉంచలేకపోతే కుక్కను దించొద్దు.

13వ రోజు ఇంకొకటి. మేకల మంద అడ్డొచ్చింది, వాడు గుంజాడు, బండి పడింది, నేను తాడు వదల్లేదు, ఆ ఊపులో వాడు నా ముంజేతిని పట్టాడు. కోపంతో కాదు, అందినదాన్ని పట్టాడు, అయినా పన్ను దిగింది. రేబిస్ టీకా వేయించానని మా బావమరిది అంటాడు గానీ కార్డు లేదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. ఆ రోజు, 3, 7, 28వ రోజుల్లో సూదులు. డబ్బులు పడలేదు. కార్డు లేకపోతే టీకా లేనట్టే లెక్క, అదే వారంలో వాడికీ వేయించి కార్డు తీసుకున్నాను.

బండి పరుగు ఆపేశాను.

మార్టింగేల్ కాలర్ (గుంజితే కొంతవరకు బిగుసుకుని ఆగిపోయేది, తల జారదు) ఐదు సెంటీమీటర్ల వెడల్పుతో మా ఊరి చెప్పులు కుట్టే పెద్దాయన కుట్టిచ్చాడు, 350. ఫోటో చూపించి రెండు కొలతలు ఇస్తే చాలు. ఛాతీకి ఒకటి, నడుముకి ఇంకొకటి పట్టీ ఉండే బెల్టు 900. నడుము పట్టీ లేని బెల్టు ఈ జాతికి పనికిరాదు, ఛాతీ లోతు, నడుము సన్నం, వెనక్కి నడిచి బయటికొస్తారు. పది మీటర్ల తాడు 280.

మూడో దశ: నేను సంబరపడింది జ్వరానికి (18 నుంచి 51వ రోజు)

19వ రోజు నోటుపుస్తకంలో ఇలా ఉంది: "రాత్రి 21 నిమిషాలే. సెట్ అవుతున్నాడు." 21వ రోజు: "11 నిమిషాలు. బాగా మారాడు." 23వ రోజు: "6 నిమిషాలు. అన్నం సగం వదిలేశాడు."

ఆ చివరి మాట మీద కన్ను పడేసరికి ఒక రోజు పోయింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. జ్వరం 104.6 ఫారెన్‌హీట్, కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 ఉంటుంది. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ, డాక్టరుగారు గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా అన్నారు. డాక్సీసైక్లిన్ 28 రోజులు. ఆ మాత్ర ఖాళీ కడుపుతో వేస్తే వాంతి, సంగటి ముద్దలో పెట్టి వేయాలి. వారంలో లేచి తిరుగుతాడు, అప్పుడు ఆపేయాలనిపిస్తుంది, ఆపొద్దు.

మా దొడ్డి తప్పు కూడా ఉంది. పాత బ్యారన్ గోడ ఇటుకల సందుల్లో గోమార్లు గుడ్లు పెడతాయి. సున్నం కొట్టేముందు సందులన్నీ సిమెంటుతో పూడ్చాను, గోతాలు తీసేసి కాల్చాను, వాడికి గోమార్ల మాత్ర వేశాను. కుక్క ఒంటి మీదివి ఏరేసినంత మాత్రాన అయిపోదు, గోడలో మిగిలినవి మళ్లీ ఎక్కుతాయి.

అందుకే చెప్తున్నాను, హుషారు కుక్క ఒక్కసారిగా నెమ్మదిస్తే ముందు థర్మామీటర్ తీయండి.

70వ రోజు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాను, ఈ లెక్కలోనే వేస్తాను. ఎవరికి ఇచ్చినా కుక్కపిల్లల వ్యాపారానికి వాడకూడదని. ఈ సన్నటి వేటకుక్కలకి ఒంట్లో కొవ్వు తక్కువ, థయోపెంటోన్ లాంటి పాతరకం మత్తుమందు ఇస్తే తొందరగా దిగదు. నేను చెప్పబోతుంటే డాక్టరుగారే "తెలుసు, వేరేది వాడతాం" అన్నారు. మీ డాక్టరుకి ఈ జాతి అలవాటు లేకపోతే మీరే ముందు అడగండి, మొహమాటపడొద్దు.

పరీక్షలు 1,100, మందులు 860, గోమార్ల మాత్ర 1,450, టీకాలు 700, ఆపరేషన్ 4,500. కాలరు, బెల్టు, తాడు 1,530.
ఇప్పటిదాకా మొత్తం: 26,080.

నాలుగో దశ: వెదురుబొంగు, కొబ్బరిచిప్పలు (45 నుంచి 85వ రోజు)

జ్వరం తగ్గాక గంటకి 34 నిమిషాలకి వచ్చాడు. అంటే మళ్లీ మొదటికే. ఈసారి దూరం వదిలేసి, వాడి జాతి ఏం చేయడానికి పుట్టిందో అదే కాసేపు చేయించి ఆపడం నేర్పాలనుకున్నాను. ఈ కుక్కలు చూస్తాయి, తరుముతాయి, పట్టుకుంటాయి, తర్వాత గంటలు గంటలు పడుకుంటాయి. నేను బండి పక్కన చేయించిన పరుగులో చూడ్డమూ లేదు, పట్టుకోవడమూ లేదు. ఎదర ఏమీ లేకుండా పన్నెండు కిలోమీటర్లు. ఎందుకు పడుకుంటాడు?

మొదట నా బుర్ర మెకానిక్ బుర్ర కాబట్టి యంత్రం చేశాను. డ్రిల్లు మెషిన్‌కి 15 సెంటీమీటర్ల డ్రమ్ము బిగించి, దారం చుట్టుకునేలా, దారం చివర తెల్ల సంచి ముక్క. లెక్క ప్రకారం డ్రమ్ము చుట్టుకొలత 47 సెంటీమీటర్లు, నిమిషానికి 1,400 చుట్లు, అంటే గంటకి దాదాపు 40 కిలోమీటర్ల వేగం. దారం బరువుతో అంత రాలేదు. వాడు ఇరవై మీటర్లలో పట్టేశాడు, పట్టి పక్కకి తిరిగేసరికి కదులుతున్న దారం వెనక్కాలికి చుట్టుకుని నాలుగంగుళాల మేర చర్మం కోసింది. 640 ఖర్చు, ఒక మచ్చ. ఎవరూ చేయొద్దు. నా మెకానిక్ తెలివి మీద నాకున్న గౌరవం కూడా కొంచెం తగ్గింది.

పనిచేసింది ఇది, ఖర్చు 130:

1. ఎనిమిదడుగుల వెదురుబొంగు. ముందు అంగుళం పీవీసీ పైపు వాడాను, రెండో రోజే విరిగి మొన తేలింది.
2. బొంగు చివర రెండడుగుల పాత సైకిల్ ట్యూబు. వాడు పట్టుకుని గుంజినప్పుడు పళ్ల మీద, మెడ మీద దెబ్బ పడకుండా సాగుతుంది.
3. దానికి మూడు మీటర్ల లావుపాటి నూలుతాడు. నైలాన్ కోస్తుంది.
4. చివర ఎరువుల సంచి చీలికలు. తెల్లగా రెపరెపలాడాలి.

పద్ధతి: ముందు పది నిమిషాలు నడక. తర్వాత సంచి నేల మీదే, వెడల్పు వలయంగా తిప్పాలి, గాల్లోకి ఎగరేయకూడదు, ఒళ్లు తిరగేసి పడితే మోకాలు పోతుంది. 40 సెకన్లు, రెండు నిమిషాల విరామం, మొత్తం మూడుసార్లు. ప్రతిసారీ చివర పట్టుకోనివ్వాలి. పట్టుకోనివ్వకపోతే ఇంకా రెచ్చిపోతాడు, మొదటి నాలుగు రోజులు ఆ తప్పూ చేశాను. మొదలుపెట్టేముందు "ఆగు", పట్టాక "వదులు". "వదులు"కి కోడి కార్జం ముక్క. ఆటకి ముందొక గంట, తర్వాతొక గంట అన్నం లేదు, లోతు ఛాతీ కుక్కలకి కడుపు మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది.

అది అయ్యాక కొబ్బరిచిప్పలు. పన్నెండు చిప్పలు దొడ్డంతా బోర్లించి, ఏడింటి కింద కార్జం. కంటి కుక్కకి ముక్కు పనిచేయదని అనుకున్నాను, ఇరవై నిమిషాలు ఊడ్చినట్టు వెతుకుతాడు. ఆ తర్వాత గోతం పట్టా మీద పడుకోవడం, కదలకుండా ఉన్నంతసేపూ ఏదో ఒకటి నోట్లో పెట్టడం. మొదటిరోజు 3 సెకన్లు ఉన్నాడు. 80వ రోజుకి 22 నిమిషాలు.

రాత్రి గంటలో తిరిగిన నిమిషాలు: 50వ రోజు 31, 60వ రోజు 19, 85వ రోజు 14. రోజుకి మొత్తం పని యాభై నిమిషాలు, పరుగు అందులో రెండే రెండు నిమిషాలు.

మేకల దగ్గర కథ వేరే. రోజూ చిల్లచెట్ల అవతల మేపే తాత ఒకాయన ఉన్నాడు. "అబ్బాయ, దూరంగా ఉండు, నా మేకలు బెదురుతాయి" అని మొదట తిట్టాడు, తర్వాత ఆయనే "ఇయ్యాల ఇక్కడ కూర్చుంటా, అక్కణ్ణుంచి రా" అనేవాడు. నా అంగ 75 సెంటీమీటర్లు, అంగలు లెక్కపెట్టి మీటర్లు చేశాను. మేకల్ని చూసి కూడా పిలిస్తే తల తిప్పి కార్జం తీసుకున్న దూరం: 110, 90, 90, 60, 80, 45, 30. మధ్యలో 80 ఎందుకంటే ఆ రోజు మేకపిల్ల గెంతింది. 30 మీటర్ల లోపలికి ఎప్పుడూ రాలేకపోయాను. కోళ్ల దగ్గర అసలు ఏమీ మారలేదు, ఒక్క మీటరు కూడా.

విజిలేస్తే రావడం: దొడ్డిలో 30కి 30. బయట పొడవు తాడుతో, ఏదీ కదలనప్పుడు 10కి 6. పిల్లి గానీ కుందేలు గానీ కదిలితే 4కి సున్నా. ఈ చివరి అంకెని కాగితం మీద పెద్దగా రాసుకున్నాను, తీసుకునేవాళ్లకి ముందు చూపించాల్సింది ఇదే.

ఇప్పటిదాకా మొత్తం: 26,850. బరువు 23.7.

ఐదో దశ: మొదటి ఇల్లు, తొమ్మిది రోజులు (86 నుంచి 101వ రోజు)

తెలిసినవాళ్లకి చెప్తే 11 ఫోన్లు వచ్చాయి. నలుగురు కుందేళ్ల కోసం. దాచుకోకుండానే చెప్పారు, రాత్రిపూట తలకి లైటు కట్టుకుని పోతామని. కుందేలు వేట 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, కుక్కను ఇచ్చినవాడిగా నా పేరూ వస్తుంది, అది అట్టా ఉంచితే అడవిపంది ఎదురైతే ఈ సన్నకుక్క పొట్ట ఒక్క పోటుకి పోతుంది. ముగ్గురు క్రాసింగ్‌కి. ఆపరేషన్ అయిందనగానే ఫోన్ పెట్టేశారు, ఆ 4,500 అక్కడే గిట్టుబాటయింది. ఇద్దరు అపార్ట్‌మెంటువాళ్లు.

మిగిలిన ఇద్దరిలో ఒకాయనకి అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. కొంగలు, నీటికాకులు వచ్చి రొయ్యల్ని తింటాయి, గట్టు మీద పరిగెత్తే కుక్క కావాలన్నాడు. నాకు బ్రహ్మాండంగా అనిపించింది. చూడ్డానికీ తరమడానికీ రోజంతా పక్షులు, మైళ్ల పొడవు గట్లు, మేకల్లేవు. వెళ్లి చూశాను కూడా. కానీ నేను చూసింది కుక్కకి ఏముందో, గుంటకి ఏం కావాలో చూడలేదు.

ఏమైందంటే, గుంటల చుట్టూ పీతలు రాకుండా మోకాలెత్తు నీలం వల కడతారు. పీతలతో, పక్షులతో రొయ్యలకొచ్చే తెల్లమచ్చ జబ్బు ఒక గుంటనుంచి ఇంకో గుంటకి పోతుందని. వాడు కొంగ వెంట పడి ఆ వల నాలుగుచోట్ల చీల్చాడు. ఒక గుంటలో దూకి, ఎక్కి, పక్క గుంటలో దూకాడు. అంటే ఏ జబ్బు రాకూడదని వల కట్టారో దాన్ని కాళ్లతో మోసే పని. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు వైర్లు గట్టు మీదే ఉంటాయి, నేను రోజూ మోటార్లలో చేయిపెట్టేవాణ్ణి, ఆ వైర్లు చూసి కూడా నాకు తట్టలేదు. తొమ్మిదో రోజు ఫోన్: "అన్నా, కుక్క మంచిదే, కానీ నా గుంటకి పనికిరాదు, తీసుకెళ్లు." ఆయన తప్పు ఏమీ లేదు. పోనురాను ఆటో 3,400.

తిరిగొచ్చాక అంకెలు: రాత్రి 33 నిమిషాలు. మేకల దూరం 30 నుంచి 70కి పోయింది. తొమ్మిది రోజులు ఇష్టమొచ్చినట్టు తరిమితే నలభై రోజుల పని పోయింది. మళ్లీ 14కి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. రోహిణికార్తె ఎండలు కాబట్టి బొంగు ఆట పొద్దున ఐదున్నరకే, మధ్యాహ్నం బ్యారన్ లోపల తడిగోతం మీద.

ఆరో దశ: రెండో ఇల్లు (112 నుంచి 132వ రోజు)

ఈసారి కాగితం మార్చాను. ఇంతకుముందు "కుక్కలంటే ఇష్టమా, స్థలం ఎంతుంది" అని అడిగేవాణ్ణి. ఇష్టం అందరికీ ఉంది. కొత్త ప్రశ్నలు: కంచె ఎత్తు ఎంత, కింద సందు ఎంత? రెండు వందల మీటర్ల లోపల కోళ్లు, మేకలు ఎవరివి? ఆయన ఒప్పుకున్నాడా? ఇంట్లో గేటు మర్చిపోయేది ఎవరు? ఎండాకాలం మధ్యాహ్నం కుక్క ఎక్కడుంటుంది? మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు?

ఉలవపాడు దగ్గర మామిడి, సపోటా తోట ఉన్న పీఈటీ మాస్టారు, ముందు ఫోన్ చేసిన ఇద్దరిలో రెండోవారు. నేను ప్రశ్నలన్నీ అడిగాక ఆయన ఒకటి అడిగారు: "ఇది రోజుకి ఎన్ని గంటలు పడుకుంటుంది?" పదకొండు మందిలో ఆ మాట అడిగింది ఆయనొక్కరే. అందరికీ ఎంత పరిగెత్తుతుందన్నదే కావాలి. నా పుస్తకం తీసి చూపించాను, విజిల్ దగ్గర ఆ సున్నాతో సహా. "అయితే కంచె బయట తాడు వదలకూడదు, అంతే కదా సార్" అన్నారు. ఆయన నన్ను సార్ అనడం నాకు అదోలా ఉంది గానీ, పాయింటు పట్టారు.

ఇంటి చుట్టూ అరెకరం ఆరడుగుల జల్లెడ కంచె. మూడుచోట్ల కింద జానెడు సందులు, బండరాళ్లు పేర్చాం. గేటు ఒక్కటే ఉంది, దాని లోపల నాలుగడుగుల దూరంలో రెండో గేటు పెట్టమన్నాను, పాత కిటికీ గ్రిల్లుతో పెట్టించారు. కోళ్లున్న పొరుగాయనతో నా ఎదురుగానే మాట్లాడారు.

అప్పజెప్పిన పద్ధతి:

1. మాస్టారు ముందు రెండుసార్లు మా దొడ్డికి వచ్చి బొంగు ఆట, చిప్పల ఆట తన చేత్తో ఆడించారు.
2. వాడు పడుకునే గోతం ఉతక్కుండా పంపాను. విజిల్ కూడా అదే.
3. పది రోజులు ఇక్కడి తిండే: రాగిసంగటి, కోడిమెడలు ఉడికించి ఎముక తీసేసి, గుడ్డు. ఉడికిన ఎముక పెట్టొద్దని గోడ మీద రాయించాను.
4. మూడు వారాలు బయటికి తీస్తే కాలరుకొక తాడు, బెల్టుకొక తాడు. కాలరు మీద ఇద్దరి ఫోన్ నంబర్లు.
5. కాగితం: పదిహేను రోజుల లోపు ఎప్పుడు వద్దన్నా కారణం అడగకుండా వెనక్కి తీసుకుంటాను. ఆ తర్వాత వద్దనుకున్నా నాకే ఇవ్వాలి, వేరేవాళ్లకి కాదు.

132వ రోజు వెళ్లాడు. ఆటో 1,300. తిండి, నా దగ్గరున్న 123 రోజులకి రోజుకి 85 చొప్పున 10,455.
మొత్తం: 42,005. అందులో శుద్ధ దండగ ముళ్లతీగ, డ్రిల్లు, అల్లూరు ట్రిప్పు కలిపి 5,190. మా బావమరిది 15,000 ఇచ్చాడు. ఇచ్చి, "బావా, ఈసారి లాబ్రడార్ అయితే ఎట్టా ఉంటుంది" అన్నాడు. మా ఆవిడ సమాధానం ఇక్కడ రాయను.

తర్వాతి ముప్పై రోజులు

1, 2వ రోజులు తినలేదు. మాస్టారు కంగారుపడి ఫోన్ చేశారు, నీళ్లు తాగుతుంటే ఆగమన్నాను. మూడో రోజు సంగటి మొత్తం.

8వ రోజు తోటలో నెమలి లేచింది. కాలరు తాడు చేతిలోంచి జారింది, బెల్టు తాడు ఆయన నడుముకి ఉంది కాబట్టి ఆగాడు. మాస్టారు మోకాలు చెక్కుకుపోయింది. "మీరు రెండు తాళ్లంటే అతి అనుకున్నాను" అన్నారు.

17వ రోజు నేను వెళ్లాను. నన్ను చూసి ఎగిరాడు, ఓ నిమిషం. తర్వాత పోయి మాస్టారి కుర్చీ కింద పడుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు టీ కూడా తాగకుండా వచ్చేశాను.

30వ రోజు: బరువు 24.6. రాత్రి గంటలో 9 నిమిషాలు, మాస్టారూ ఫోన్ గోడకి తగిలించి తీస్తున్నారు. విజిల్ కంచె లోపల 20కి 20, బయట తాడుతో 10కి 7. ఏదైనా కదిలితే ఇప్పటికీ సున్నానే.

ఆ అరెకరం బయట, ఎగువ వైపు సపోటా చెట్ల దగ్గర 40 మీటర్ల కంచె మిగిలి ఉంది, అక్కడ పాత కంచె నాలుగడుగులే. నా దగ్గర యాంగిల్ ముక్కలు ఆరున్నాయి, ఇంకో ఎనిమిది కావాలి. వచ్చే ఆదివారం వెల్డింగ్ మెషిన్ వేసుకుని పోతున్నాను.